నీ సిపాయి ఏ మస్టర్‌లో ఉన్నాడు?

అమ్మాయ్,

నువ్వు పంపిన ఎనిమిది అధ్యాయాలూ చదివాను. న్యూజెర్సీలో ఉద్యోగం చేసుకుంటూ, వీకెండ్ వస్తే పాత యుద్ధభూముల వెంట తిరుగుతూ, అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మీద తెలుగులో నవల మొదలుపెట్టావంటే నీ ధైర్యానికి సంతోషంగా ఉంది. వాక్యం నీ మాట వింటోంది. సంభాషణలు బాగా పలికాయి, ముఖ్యంగా తల్లీ కొడుకులవి. మెచ్చుకోలు ఇంతటితో ఆపి, నాకు ఎక్కడ అడ్డం తగిలిందో నేరుగా చెబుతాను.

నీ కథానాయకుడు న్యూజెర్సీలోని మాన్‌మత్ కౌంటీ రైతు. 1775 ఏప్రిల్‌లో మాసచూసెట్స్‌లోని లెక్సింగ్టన్‌లో తుపాకీ పేల్చాడు. 1776 క్రిస్మస్ రాత్రి వాషింగ్టన్ వెంట డెలావేర్ నది దాటాడు. మరుసటేడు చలికాలం వ్యాలీ ఫోర్జ్‌లో వణికాడు. కౌపెన్స్‌లో గెలిచాడు. 1781 అక్టోబరులో యార్క్‌టౌన్‌లో బ్రిటిష్ జనరల్ కార్న్‌వాలిస్ సైన్యం ఆయుధాలు కింద పెడుతుంటే దగ్గరుండి చూశాడు. మధ్యలో గోధుమ కోతలకి ఇంటికొచ్చి పెళ్లి కూడా చేసుకున్నాడు! పేరున్న ఘట్టం ఒక్కటీ వదలకూడదన్న ఆశ ఎవరికైనా ఉంటుంది. కానీ ఇన్ని చోట్ల కనిపించినవాడు ఏ కంపెనీ మనిషి? అతని పేరు ఏ మస్టర్‌లో, అంటే సిపాయిల హాజరు పట్టీలో, రాశారు? ఎన్నాళ్లు పనిచేస్తానని సంతకం పెట్టాడు? ఎనిమిది అధ్యాయాల్లో ఈ మూడింటికీ జవాబు దొరకలేదు.

ఆ యుద్ధంలో మామూలు మనిషి ఎప్పుడు పోరాడాడు, ఎక్కడిదాకా వెళ్లాడు, ఎప్పుడు ఇంటికి తిరిగొచ్చాడు అన్నది చాలావరకు ఆ సంతకం గడువే తేల్చింది. దేశభక్తి, భయం, పగ అన్నీ ఆ గడువు లోపలే పనిచేశాయి. అది పట్టుకుంటే నీ కథ సగం దానంతటదే నడుస్తుంది.

నువ్వు "సైన్యం" అని ఒక్క మాటలో రాసేస్తున్నావు. అందులో కనీసం మూడు రకాల మనుషులున్నారు. కాలనీల ప్రతినిధుల సభ అయిన కాంగ్రెస్ 1775 జూన్ 14న అన్ని కాలనీల తరఫునా ఏర్పాటు చేసిన కాంటినెంటల్ ఆర్మీ ఒకటి. రాష్ట్రాలు తమ సరిహద్దుల కాపలా కోసం కొన్ని నెలలకి జీతమిచ్చి పెట్టుకున్న స్టేట్ ట్రూప్స్ ఇంకొకటి. మూడోది మిలీషియా. న్యూజెర్సీలో 16 నుంచి 50 ఏళ్ల లోపు ఒళ్లు సరిగ్గా ఉన్న మగవాళ్లందరూ మిలీషియాలో పేరు రాయించుకోవాల్సిందే. పిలిచినప్పుడు రాకపోతే జరిమానా. డబ్బున్నవాడు తన బదులు ఇంకొకణ్ణి పంపొచ్చు. ఒకే ఇంట్లో అన్న కాంటినెంటల్, తమ్ముడు మిలీషియా కావచ్చు. ఇద్దరి యుద్ధాలూ పూర్తిగా వేరు.

గడువు ఎంత పని చేస్తుందో చూడాలంటే మార్బుల్‌హెడ్ జాలర్ల సంగతి చాలు. మాసచూసెట్స్ తీరంలో చేపల వేట మీద బ్రిటిష్ పార్లమెంటు 1775లో ఆంక్షలు పెట్టింది. పని పోయిన జాలర్లతో జాన్ గ్లోవర్ రెజిమెంట్ నిండింది. 1776 లెక్కలో అది 14వ కాంటినెంటల్ రెజిమెంట్. ఆ ఆగస్టు 29 రాత్రి బ్రూక్లిన్‌లో చిక్కుకుపోయిన సుమారు 9,000 మంది అమెరికన్ సిపాయిల్ని పడవల్లో ఈస్ట్ రివర్ దాటించి బతికించింది వాళ్లు. క్రిస్మస్ రాత్రి మంచుగడ్డలు కొట్టుకొస్తున్న డెలావేర్ మీద 2,400 మందిని, 18 ఫిరంగుల్ని ట్రెంటన్ వైపు చేర్చింది కూడా వాళ్ల చేతులే. గెలిచారు, 900 మంది హెస్సియన్లు, అంటే బ్రిటిష్ వాళ్లు కిరాయికి తెచ్చిన జర్మన్ సిపాయిలు, పట్టుబడ్డారు. డిసెంబర్ 31న వాళ్ల గడువు అయిపోయింది. ఎక్కువమంది ఇంటికి వెళ్లిపోయారు! మూడు రోజుల తర్వాత ప్రిన్స్‌టన్‌లో జరిగిన యుద్ధంలో ఆ రెజిమెంట్ లేదు.

వాళ్లని ఎవరూ పారిపోయినవాళ్లు అనలేదు. మాట ఇచ్చినన్నాళ్లు ఉన్నారు, అయిపోయింది, వెళ్లారు. శత్రువు ఓడల్ని పట్టుకోవడానికి అనుమతి ఉన్న ప్రైవేటీరు ఓడల్లో పని దొరుకుతుంది, ఇంట్లో పిల్లలున్నారు. ఆ చివరి రోజుల్లో వాషింగ్టన్ మిగతా రెజిమెంట్లని వరసల్లో నిలబెట్టి, ఇంకో ఆరు వారాలు ఉంటే తలకి పది డాలర్లు ఇస్తానన్నాడు. డప్పు మోగించారు. ఒక్కడూ ముందుకు రాలేదు. ఆయన గుర్రాన్ని వెనక్కి తిప్పి మళ్లీ మాట్లాడాడు. పక్కవాడి మొహం చూసి ఒకడు, వాణ్ణి చూసి ఇంకొకడు అడుగు ముందుకేశారు. ఒక సిపాయి నెల జీతం ఆరు డాలర్ల చిల్లరే అని గుర్తుపెట్టుకుని ఆ దృశ్యం ఆలోచించు. నువ్వు నది దాటడానికి పదకొండు పేజీలు ఖర్చుపెట్టావు. నాటకమంతా వారం తర్వాత ఈ వరసలో ఉంది, దానికి నీ నవలలో ఒక్క లైను కూడా లేదు.

ఈ గడువుల చిక్కు ముందే చూసి కాంగ్రెస్ 1776 సెప్టెంబరులోనే 88 బెటాలియన్లు కావాలంది. మాసచూసెట్స్, వర్జీనియా చెరి 15, న్యూజెర్సీకి 4, డెలావేర్, జార్జియాలకి ఒక్కొక్కటి. యుద్ధం అయ్యేదాకా ఉంటానన్నవాడికి 20 డాలర్లు, చివర్లో 100 ఎకరాలు. కొన్నాళ్లకి మూడేళ్లకైనా సరే అన్నారు. కాగితం మీద అప్పటి రెజిమెంట్ అంటే ఎనిమిది కంపెనీలు, 728 మంది. నిజంగా అందులో సగం నిండనివి ఎన్నో. కాబట్టి నువ్వు "రెజిమెంట్ కదిలింది" అని రాసినప్పుడు ఎంతమంది కదిలారో నీకు తెలిసి ఉండాలి. 700 మందా, 200 మందా అన్నదాన్ని బట్టి దారి, దుమ్ము, వంట కుండలు, రాత్రి పడుకునే చోటు అన్నీ మారిపోతాయి.

ఆ "మూడేళ్లు లేదా యుద్ధం ఉన్నన్నాళ్లు" అన్న షరతే తర్వాత కొంప ముంచింది. మూడేళ్లు నిండాయి కాబట్టి వెళ్తామని సిపాయిలు, యుద్ధం ముగియలేదు కాబట్టి కుదరదని అధికారులు. జీతాలు లేవు, బట్టల్లేవు, కాంగ్రెస్ అచ్చేసిన కాంటినెంటల్ నోటుకి విలువ లేదు. 1781 జనవరి 1న మోరిస్‌టౌన్ దగ్గర పెన్సిల్వేనియా రెజిమెంట్లు తిరగబడ్డాయి. ఫిరంగులతో సహా ప్రిన్స్‌టన్ దాకా నడిచాయి. బ్రిటిష్ జనరల్ క్లింటన్ ఇదే అదను అనుకుని ఇద్దరు ఏజెంట్లని పంపితే, ఆ తిరగబడ్డవాళ్లే వాళ్లని పట్టి అప్పగించారు, ఆ ఇద్దరినీ ఉరి తీశారు. మాకు రావలసింది మాకు కావాలి, కానీ అమ్ముడుపోయే రకం కాదు మేము అన్నట్టు. చివరికి సగానికి పైగా మందికి విడుదల దొరికింది, అందులో కొందరు మళ్లీ వచ్చి చేరారు కూడా. అదే నెలలో న్యూజెర్సీ వాళ్లు అలాగే చేయబోతే ఇద్దర్ని కాల్చేశారు. నీ ఆరో అధ్యాయంలో సిపాయిలు ఎప్పుడూ నవ్వుతూ ఆకలిని భరిస్తున్నారు. భరించారు, నిజమే. లెక్క కూడా అడిగారు.

ఇక మిలీషియా. వాషింగ్టన్ 1776 సెప్టెంబరులో కాంగ్రెస్‌కి రాస్తూ, మిలీషియాని నమ్ముకోవడం విరిగిన కర్ర మీద ఆనుకోవడమే అన్నాడు. ఆ మాట పట్టుకుని చాలామంది మిలీషియా అంటే పిరికివాళ్ల గుంపు అని రాసేస్తారు. ఇంకొందరు లెక్సింగ్టన్ బొమ్మ చూసి, నాగలి వదిలి తుపాకీ పట్టిన మహావీరులని రాస్తారు. నువ్వు రెండో రకం. రెండూ ఒక ఊరి మనుషుల్ని చూడకుండా రాసిన రాతలే.

లెక్సింగ్టన్ పచ్చిక మీద కెప్టెన్ జాన్ పార్కర్ వెంట నిలబడ్డవాళ్లు 77 మంది. చాలామంది అతనికి చుట్టాలే. తండ్రీ కొడుకులు పక్కపక్కన నిలబడ్డారు. బాయ్‌నెట్‌తో (తుపాకీ చివర బిగించే కత్తి) పొడిపించుకుని చచ్చిపోయిన జోనస్ పార్కర్ అతని కజిన్. గాయపడ్డవాళ్లలో ప్రిన్స్ ఎస్టాబ్రూక్ అనే బానిస ఉన్నాడు. అదే రోజు కాంకర్డ్ వంతెన దగ్గర ముందు వరసలో ఆక్టన్ ఊరి కంపెనీని నిలబెట్టారు. ఎందుకో తెలుసా? వాళ్ల కెప్టెన్ ఐజాక్ డేవిస్ వృత్తికి తుపాకులు చేసేవాడు, తన వాళ్లందరికీ బాయ్‌నెట్లు చేసి పెట్టాడు. మిగతా ఊళ్ల వాళ్ల దగ్గర అన్ని లేవు. ఆ పనితనమే అతణ్ణి ముందుకు తెచ్చింది, మొదటి కాల్పుల్లోనే పోయాడు. ఇలాంటి కారణం దొరికినప్పుడు "విధి" అన్న మాట నవలలో వాడక్కర్లేదు.

నీ రైతుది న్యూజెర్సీ కాబట్టి అతను లెక్సింగ్టన్‌లో ఉండే వీలే లేదు, ఆ అధ్యాయం తీసెయ్. బదులుగా అతనికి నిజంగా దొరికే జీవితం చూడు. కాలువ నీటికి వంతులు వేసుకున్నట్టు న్యూజెర్సీ మిలీషియా నెలకో వంతు వేసుకుంది: ఒక నెల డ్యూటీ, ఒక నెల ఇల్లు. తీరం కాపలా, వంతెనల దగ్గర పికెట్ (ముందు కాపలా), శత్రువు మేత కోసం వస్తే దారికాచి కొట్టడం. 1777 జనవరి 20న సోమర్సెట్ దగ్గర నాలుగొందల మంది దాకా, జనరల్ ఫిలిమన్ డికిన్సన్ వెంట, నడుం లోతు చల్లటి మిల్‌స్టోన్ ఏరు దాటి బ్రిటిష్ వాళ్ల మేత బళ్లు నలభై, గుర్రాలు వందదాకా పట్టుకొచ్చారు. నువ్వు కారులో రోజూ దాటే ఏరే అది. ఆ నీళ్లలో తుపాకినీ, మందునూ తడవకుండా ఎలా పట్టుకుని ఉంటారో ఒక పేజీ రాయి. పై నెల అతను ఇంట్లో కట్టెలు కొడుతూ, దగ్గుతూ ఉంటాడు. అప్పుడు గోధుమ కోతలకి ఇంటికి రావడానికి నువ్వు సాకులు వెతుక్కోనక్కర్లేదు. పెళ్లికి కూడా ముహూర్తం ఆ వంతే పెడుతుంది.

మిలీషియాని ఎలా వాడుకోవాలో తెలిసిన సేనాపతి ఒకడు డేనియల్ మోర్గాన్. 1780 ఆగస్టులో కామ్‌డెన్‌లో మిలీషియాని బాయ్‌నెట్లకి ఎదురు నిలబెడితే పరిగెత్తింది. వాళ్ల జనరల్ గేట్స్ అంతకంటే వేగంగా పరిగెత్తాడు, అది వేరే సంగతి. అయిదు నెలలు తిరక్కుండానే, 1781 జనవరి 17న, సౌత్ కరోలినాలో కౌపెన్స్ దగ్గర మోర్గాన్ తన మిలీషియాని ముందు నిలబెట్టి, దగ్గరికి రానిచ్చి రెండు మూడు సార్లు కాల్చి వెనక్కి వెళ్లిపొమ్మన్నాడు. వెళ్లిపోవడమే ఆజ్ఞ! వాళ్లు కాల్చారు, అధికారులని ఏరి మరీ కాల్చారు, గుట్ట వెనక్కి వెళ్లి మళ్లీ వరస కట్టారు. పారిపోతున్నారనుకుని మీద పడ్డ బ్రిటిష్ అధికారి టార్ల్‌టన్ సేన కాంటినెంటల్స్ వరసకి తగిలింది. గంటలోపే అంతా అయిపోయింది. ఇది చదివి నీ రైతుని అక్కడికి పంపించకు. అతనిది మాన్‌మత్, అక్కడికి వెళ్లడు. మనుషుల్ని వాళ్ల కొలతకి తగ్గట్టు నిలబెడితే ఏమవుతుందో నీకు తెలియాలనే చెప్పాను.

మాన్‌మత్ యుద్ధం, 1778 జూన్ 28. అది నీ చేతికి అందిన పెద్ద ఘట్టం. ఫ్రీహోల్డ్ దగ్గర ఆ రోజు ఎండకే చచ్చిపోయినవాళ్లు రెండు వైపులా ఉన్నారు. నువ్వు రాసిన కాల్పులు సినిమాలో లాగా ఉన్నాయి. మస్కెట్‌లో మందు దట్టించడం చేతులతోపాటు పళ్ల పని కూడా. కాగితం తూటా చివర పళ్లతో కొరికి, కొంచెం మందు నిప్పురవ్వ పడే పాన్‌లో, మిగతాది గొట్టంలో పోసి, గుండు వేసి, కడ్డీతో దట్టించాలి. బాగా అలవాటైనవాడు నిమిషానికి మూడు సార్లు పేలుస్తాడు. ప్రతిసారీ నోట్లో ఉప్పగా, చేదుగా మందు పొడి పడుతుంది. ఆ ఎండలో, ఆ నోటితో దాహం ఎలా ఉంటుందో ఒక్క వాక్యం రాస్తే నువ్వు పెట్టిన మూడు ఉపమానాలూ కొట్టెయ్యొచ్చు. బట్టలు కూడా చూసుకో. నీ సిపాయిలందరూ 1775 నుంచే నీలం కోట్లలో తిరుగుతున్నారు. ప్రాంతానికో అంచు రంగుతో నీలం కోటు అని వాషింగ్టన్ ఆజ్ఞ ఇచ్చింది 1779 అక్టోబరులో. మిలీషియావాడు ఇంట్లో ఏముంటే అది వేసుకొచ్చాడు.

ఆ పెద్ద యుద్ధంలో మిలీషియా చేసిన పని ఏమిటి? వంతెనలు విరగ్గొట్టారు, దారికి అడ్డంగా చెట్లు కూల్చారు, వెనక నుంచి చీకాకు పెట్టారు. ఇది వీరత్వంలా కనిపించదని వదిలెయ్యకు. తన ఊరి వంతెన తానే కూల్చుకున్నవాడు పై నెల ఆ ఏరు ఎలా దాటాడు?

నీ నవలలో శత్రువంటే ఎర్రకోటు వేసుకున్న పరాయివాడు ఒక్కడే. మాన్‌మత్‌లో అలా లేదు. కోర్ట్‌లాండ్ స్కిన్నర్ పెట్టిన న్యూజెర్సీ వాలంటీర్స్ రెజిమెంట్ల నిండా ఆ పక్క ఊళ్ల వాళ్లే, రాజు వైపు నిలబడ్డవాళ్లు. ష్రూస్‌బరీలో ఒక యజమాని దగ్గర బానిసగా ఉన్న టైటస్ 1775 చివర్లో తప్పించుకుపోయాడు. రాజు వైపు వచ్చిన బానిసలకి స్వేచ్ఛ ఇస్తామని వర్జీనియా గవర్నర్ డన్‌మోర్ ప్రకటించిన రోజులవి. టైటస్ కొన్నాళ్లకి కల్నల్ టై అన్న పేరుతో తిరిగొచ్చాడు. ఏ దొడ్డిలో ఎన్ని పశువులున్నాయో, ఏ కెప్టెన్ ఏ ఇంట్లో పడుకుంటాడో తెలిసినవాడు! మిలీషియాకి అతనంటే హడల్. 1780లో కోల్ట్స్ నెక్‌లో కెప్టెన్ జాషువా హడీ ఇంటి మీద పడ్డప్పుడు మణికట్టుకి గుండు తగిలి, ధనుర్వాతంతో చనిపోయాడు. స్వేచ్ఛ కోసం ఎవరు పోరాడారన్న ప్రశ్న నీ రైతు ఇంటి గుమ్మం ముందుకే వచ్చింది. అతని పొలంలో బానిసలు ఉన్నారా లేదా అన్నది నువ్వు తేల్చాలి. తేల్చకుండా దాటెయ్యడం కుదరదు.

హడీ దగ్గరే నీ ముగింపు కూడా ఉందని నా అనుమానం. యార్క్‌టౌన్‌తో యుద్ధం అయిపోయిందని మనం చదువుకున్నాం. 1782 మార్చి 24న టామ్స్ రివర్ దగ్గర చిన్న కోటలో హడీ పట్టుబడ్డాడు. ఏప్రిల్ 12న రాజు వైపువాళ్లు అతన్ని హైలాండ్స్ తీరానికి తెచ్చి ఉరి తీశారు. తమవాడు ఫిలిప్ వైట్ మిలీషియా కస్టడీలో చచ్చిపోయినందుకు ఇది బదులు అని చీటీ గుచ్చారు. చచ్చిపోయేముందు హడీ ఒక పీపా మీద కాగితం పెట్టుకుని వీలునామా రాశాడు. వాషింగ్టన్ అందుకు ప్రతిగా చీట్లు తీయించి 20 ఏళ్ల బ్రిటిష్ కెప్టెన్ ఆస్గిల్‌ని ఉరికి ఎంపిక చేస్తే, అది ఫ్రాన్స్ రాజదర్బారు దాకా వెళ్లి చివరికి అతను బయటపడ్డాడు. యార్క్‌టౌన్ అయిన ఆరు నెలలకి నీ రైతు ఇంకా రాత్రుళ్లు తుపాకీ పక్కన పెట్టుకుని పడుకుంటున్నాడు. పక్కింటివాళ్లతో లెక్కలు ఇంకా తెగలేదు.

ఇవన్నీ ఎక్కడ వెతకాలి అని అడుగుతావు. 1800లో వార్ డిపార్ట్‌మెంట్ ఆఫీసు తగలబడి చాలా కాగితాలు పోయాయి. కానీ పెన్షన్ దరఖాస్తులు మిగిలాయి. 1818 చట్టం కాంటినెంటల్స్‌కి, అదీ చేతిలో ఏమీ లేనివాళ్లకి. తర్వాత రెండేళ్లకి ఆస్తుల జాబితా కూడా అడిగారు. ఒక ఆవు, రెండు కుర్చీలు, ఇనప కుండ అని ముసలి సిపాయిలు ప్రమాణం చేసి రాయించారు. 1832 చట్టం మిలీషియాకి కూడా వర్తించింది, ఆరు నెలల సర్వీసు చూపిస్తే చాలు. కౌంటీ కోర్టులో జడ్జి ప్రశ్నలు అడిగేవాడు: ఎక్కడ పుట్టావు, పిలిచినప్పుడు ఎక్కడ ఉన్నావు, నువ్వే వెళ్లావా, వంతు పడి వెళ్లావా, ఇంకొకరి బదులు వెళ్లావా, నీ అధికారులెవరు, నీ మాట నిజమని చెప్పే పొరుగువాళ్లెవరు. ఎనభయ్యేళ్ల వాళ్లు ఒక్కో నెలా కూడి లెక్క చెప్పుకున్నారు. నాన్న బదులు వెళ్లానని చెప్పినవాళ్లు ఎంతోమంది. ఆ ప్రశ్నలు నీ పాత్రని కూర్చోబెట్టి అడుగు. అతను తడబడిన చోటల్లా నీకు ఒక అధ్యాయం దొరుకుతుంది.

ఇంకో మాట. మూడో అధ్యాయంలో మచిలీపట్నం నుంచి ఓడెక్కి వచ్చిన తెలుగువాడొకడు కనిపించాడు. తెలుగు పాఠకుల కోసమని పెట్టావు, తెలుస్తూనే ఉంది. తీసెయ్. మనవాడు లేకపోతే మనకి నచ్చదన్న అపనమ్మకం ఎందుకు? అసలు సంబంధం కావాలంటే ఉన్నదే ఉంది. యార్క్‌టౌన్‌లో ఓడిన కార్న్‌వాలిస్ 1786లో గవర్నర్ జనరల్‌గా మన దగ్గరికే వచ్చాడు, అతని హయాంలోనే 1788లో గుంటూరు సర్కారు నిజాం చేతిలోంచి ఈస్ట్ ఇండియా కంపెనీ చేతికి వెళ్లింది. ఇంకోటి ఉంది. హడీని ఉరి తీయడానికి నాలుగు రోజుల ముందు, ఏప్రిల్ 8న, డెలావేర్ బే లో పెన్సిల్వేనియా వాళ్ల ఓడ ఒకటి బ్రిటిష్ యుద్ధ ఓడని పట్టేసింది. ఆ ఓడ పేరు హైదర్ అలీ. ఇక్కడ మైసూరు హైదర్ అలీ అదే ఇంగ్లీషువాళ్లతో పోరాడుతున్నాడని అక్కడివాళ్లకి తెలుసు. నీ రైతు సత్రంలో ఆ పేరు విని, ఎవరతను అని పక్కవాణ్ణి అడిగితే చాలు. పక్కవాడు తప్పు జవాబు చెప్పినా పరవాలేదు, చెబితేనే ఇంకా బాగుంటుంది.

మళ్లీ రాసేటప్పుడు ప్రతి అధ్యాయం పైన నెల, సంవత్సరం వెయ్యి. ఆ నెల అతను డ్యూటీలో ఉన్నాడో ఇంట్లో ఉన్నాడో పక్కన రాసుకో, అది పుస్తకంలో ఉంచక్కర్లేదు, నాకు పంపే కాపీలో ఉంచు. కెప్టెన్ పేరు, బదులు వెళ్లాడా సొంతంగా వెళ్లాడా అన్నది కూడా. లెక్సింగ్టన్, వ్యాలీ ఫోర్జ్, కౌపెన్స్, యార్క్‌టౌన్ నాలుగూ పోతే పుస్తకం చిన్నదైపోతుందని టెన్షన్ పడకు, మిల్‌స్టోన్ నుంచి హైలాండ్స్ దాకా అయిదేళ్లున్నాయి. తల్లీ కొడుకుల సంభాషణలు మాత్రం ముట్టుకోకు. ఈసారి పీడీఎఫ్ వద్దు, ప్రింట్ తీసి పోస్టులో పంపు. మార్జిన్ వెడల్పుగా వదులు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు